పిల్లి తల కింద దిండు

“ముప్పై రోజులు పడుకోవడమే నీ అసైన్‌మెంట్,” అన్నాడు చీఫ్.

ఎంత ఎత్తునుంచి పడినా కాళ్ళమీదే నిలబడతాడని డిపార్ట్‌మెంటు అతనికి ‘పిల్లి’ అని పేరు పెట్టింది. బ్రీఫింగ్ చిన్నదే. నెలల తరబడి అంతరిక్షంలో ఉంటే గుండె బద్ధకిస్తుంది. తిరిగొచ్చి నిలబడగానే మనిషి కళ్ళు తిరిగి పడిపోతాడు. దానికో మాత్ర కనిపెట్టారు. తలవైపు కిందికి వాల్చిన మంచాలమీద ఇద్దరు వాలంటీర్లు నెల్లాళ్ళు లేవకుండా పడుకోవాలి. మాత్ర ఒకరికే ఇస్తారు; ఆ ఒకరు పిల్లి. ఆ మాత్రల్ని మార్చేయాలని విదేశీ ముఠా ఒకటి కాచుకుని ఉంది. మాత్ర నెగ్గితే దాంతో ప్రయాణమయ్యే వ్యోమగామి పిల్లి సొంత చెల్లెలు.

“లోపల మన నర్సు ఉంది. కోడ్‌వర్డ్, ‘దుప్పటి మార్చాలా?’” అన్నాడు చీఫ్.

ఆ మాట చెప్పిన నర్సు అందగత్తె. అయిదో రోజునుంచి, మధ్యాహ్నం పక్క మంచం మీది రెండో వాలంటీరు, లారీ డ్రైవరు, నిద్రపోగానే కెమెరామీద తువ్వాలు కప్పి, పిల్లి వీపు వెనక దిండు పెట్టి కూర్చోబెట్టేది. చేయి పట్టుకుని రెండేసి గంటలు నడిపించేది. అది ప్రేమ అనుకున్నాడు. పిల్లి కళ్ళు మూసుకునే పాలు తాగింది.

ముప్పయ్యో రోజు స్టాండ్ టెస్ట్. మాత్ర వేసుకోని లారీ డ్రైవరు మూడో నిమిషంలో కుప్పకూలాడు. పిల్లి పది నిమిషాలు గుంజలా నిలబడ్డాడు. డాక్టర్లు చప్పట్లు కొట్టారు. మాత్రల పెట్టెను రాకెట్‌లోకి ఎక్కించమని డైరెక్టర్ ఆర్డరిచ్చాడు. లాంచ్ ప్యాడ్ నుంచి చెల్లెలు స్పీకర్‌లో పలికింది.

“నిన్ను నిలబెట్టిన మాత్రే కదా అన్నయ్యా. ఇంక నాకేం భయం?”

తలుపు దగ్గర నర్సు చప్పుడు లేకుండా హ్యాండ్‌బ్యాగ్ తీసుకుంటోంది. అప్పుడు వెలిగింది పిల్లికి. తనను నిలబెట్టింది మాత్ర కాదు, ఆ నడక. జేబులో మిగిలిన బిళ్ళను కొరికాడు. వట్టి సుద్ద. ఇంతమందిలో, చెల్లెలు వింటుండగా చెప్పాలి. చెప్పకపోతే చెల్లెలు దక్కదు.

“పెట్టె ఆపండి,” అన్నాడు. “నేను రోజూ లేచాను. నడిచాను. ఆ నర్సును పట్టుకోండి.”

రాకెట్ తలుపు మూయడానికి నిమిషం ముందు పెట్టె దిగింది. గేటు దగ్గర నర్సు దొరికింది. స్పీకర్‌లో చెల్లెలు అడిగింది.

“ఎన్ని రోజులు అన్నయ్యా?”

“ఇరవై అయిదు.”

లైను కట్టయింది. సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి. లారీ డ్రైవరు లేచి కూర్చుని, తాను తాగుతున్న నీళ్ళ గ్లాసు అతనికి అందించాడు.

చీఫ్ సాయంత్రం వచ్చాడు. నర్సు ముఠాకు అమ్ముడుపోయిందట, అసలు మాత్రలు ఆమె బ్యాగులోనే దొరికాయట. ప్రయాణం వాయిదా, పరీక్ష మళ్ళీ మొదటినుంచి.

“పడుకునేదెవరు సార్?”

చీఫ్ మంచం చూపించాడు. దిండును మాత్రం సాక్ష్యమని చెప్పి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.