కదలని బోర్డు, కదిలిన సున్నా

టెస్ట్ ఇంజనీరు బెంచ్ మీదే తల వాల్చి చనిపోయాడు. పక్కన సగం తాగిన కాఫీ.

“గుండెపోటని రాశారు. కాదు, విషం,” అన్నాడు చీఫ్ ఫోన్లో. “పొద్దున నాకు కాల్ చేశాడు. విమానం వంపు పసిగట్టే యాక్సెలరోమీటర్ బోర్డు బల్ల మీద కదలకుండా ఉన్నా, ముక్కు పైకి లేచినట్టు చూపిస్తోందన్నాడు. దాని జత కొత్త విమానంలో ఉంది. కాసేపట్లో ఎగురుతుంది. పైలట్ ఎవరో నీకు తెలుసు.”

తెలుసు. ఫోన్ వింటున్న ఏజెంటుకి ఆమె సొంత చెల్లెలే.

“ఆపించండి.”

“రుజువు లేందే ఆపరట. పట్రా.”

గూఢచారి శాఖలో అతన్ని తాబేలు అంటారు. నిదానం ఎక్కువ, పట్టుకుంటే వదలడు. టెక్నీషియన్ కోటు, దొంగ మీసం తగిలించుకుని ల్యాబ్‌లో అడుగుపెట్టాడు. క్వాలిటీ హెడ్ మేడమ్ ఎదురొచ్చింది. ఎర్రటి గోళ్ళు, ఖరీదైన సెంటు. విదేశీ ముఠాలో మన తరఫున ఉన్న మనిషి.

“సెన్సర్ నిద్రపోయిందా?” అడిగింది.

“నిద్రలో దొర్లుతోంది.”

కోడ్ సరిపోయింది.

“వేడికి కాస్త జరిగిందంతే. జీరో బటన్ నొక్కేస్తే సరి,” అంది మేడమ్.

అందరూ చేసేదదే. తాబేలు మాత్రం సెన్సర్ పక్కనున్న స్క్రూని కొద్దిగా వదులు చేశాడు. తెర మీద అంకె సున్నాకి దిగివచ్చింది. వేడి కాదు. స్క్రూ అతిగా బిగించి బోర్డునే వంచారు. వంగి ఉండగా జీరో నొక్కితే లోపం దాక్కుంటుంది. పైన చలికి ఆ వంపు సడలితే, సమంగా పోతున్న విమానం ముక్కు దించిందని సెన్సర్ చెబుతుంది. మబ్బుల్లో పైలట్ దాన్నే నమ్మి పైకి లాగుతుంది, విమానం పట్టు తప్పి రాయిలా పడేదాకా. అతనికి నిజంగా భయం వేసింది.

స్క్రూ తల మీద, ఎవరూ తిప్పలేదనడానికి గుర్తుగా పూసే ఎర్ర సీలు చూశాడు. అసలు సీలయితే తిప్పగానే పెళుసుగా పగలాలి. ఇది పొరలా ఊడొచ్చింది. మేడమ్ గోళ్ళ రంగు.

తలెత్తేసరికి మేడమ్ చేతిలో లిప్‌స్టిక్ అంత పిస్తోలు.

“విమానంలో దాన్నీ నేనే బిగించి జీరో నొక్కాను. ఈపాటికి రన్‌వే ఎక్కేసింది. ఆ ఇంజనీరూ నీలాగే చాదస్తుడు.”

“మీసంలో మైకుంది మేడమ్. టవర్ వింటోంది.”

ఆమె కిటికీ వైపు చూసింది. పరుగందుకున్న విమానం టైర్లు పొగలు కక్కుతూ రన్‌వే చివర ఆగింది. ఆ చూపు చాలు. స్క్రూడ్రైవర్ పిడి ఆమె మణికట్టు మీద పడింది, పిస్తోలు నేల మీద పడింది.

రేడియోలో చెల్లెలు. “అన్నయ్యా, ఆపింది నువ్వేనా? టైర్లు కాలిపోయాయి.”

“కొత్తవి వేయించుకో,” అన్నాడు.

తర్వాత చీఫ్. “ఇంజనీరు భార్యకి నువ్వే చెప్పు.”

తుపాకీ పేల్చడం నేర్పిన శాఖ, ఈ ఫోన్ ఎలా చేయాలో మాత్రం నేర్పలేదు.