ఎడమ పక్క మనిషి

ఆమోదఫలకం మీదికి చెయ్యి చాచి హైమ మళ్లీ ఆగిపోయింది.

బిల్లులో తప్పేమీ లేదు. తుఫానులో వలలు పోగొట్టుకున్న పాలెం వాళ్లకు ప్రభుత్వం ఇచ్చే సాయం అది. కాగితాలన్నీ సరిగానే ఉన్నాయి. అరచెయ్యి ఆనిస్తే చాలు, సొమ్ము వాళ్లకు చేరిపోతుంది. ఆ చెయ్యి గాలిలోనే నిలిచింది. మెడ దానంతటదే ఎడమ పక్కకు తిరిగింది. అక్కడ ఎవరూ లేరు.

"ఎవులి కోసమే ఆ సూపు? పెళ్లోరొస్తన్నారేటి?" అన్నాడు పక్క బల్ల దగ్గర గణపతి. అతనూ ఆమెలాగే జిల్లా ఖజానాలో ప్రభుత్వ శిక్షణకు వచ్చినవాడు. "ఎరువు సొమ్ము బరువు చేటని మా అవ్వ ఊరికే అనలేదు."

"నీదీ ఎరువేరా, మూసుకో" అంది హైమ.

ఆ కాలంలో అందరిదీ ఒకరి దగ్గర అరువు తెచ్చుకున్న ఎరువు చదువే. పని నేర్చుకోవడమనేది పోయి చాలా ఏళ్లయింది. ఒక పనిలో పండిపోయిన మనిషి తన నేర్పును అనుభవకేంద్రానికి దానం చేస్తాడు. కుర్రవాళ్లు నుదుటికి ధారాపట్టీ కట్టుకుని ఒక్క పూట కూర్చుంటే ఆ నేర్పు వాళ్ల చేతుల్లోకి దిగుతుంది. పేర్లు, ముఖాలు, ఇంటి సంగతులు రావు. వాటిని ముందే వడకట్టేస్తారు. కానీ నేర్పుతో పాటు కొన్ని అలవాట్లు జల్లెడలోంచి జారి వచ్చేవి. పట్నంలో మోటారు మెకానిక్కులందరూ బోల్టు బిగించాక ఒకే తీరున దగ్గేవారు. ఎప్పుడో పోయిన ఒక మేస్త్రీ దగ్గు అది. జనం నవ్వుకునేవారు, అంతే.

హైమది నవ్వుకునే సంగతి కాదు. మనిషి తల జన్మకు ఒక్క ధారనే పట్టుకుంటుంది. ఖజానా ధార పోయించుకున్నాక ఆమె ఇక నర్సు కాలేదు, టీచరు కాలేదు. శిక్షణ ముగిసేలోగా ఒంటరిగా బిల్లు ఆమోదిస్తేనే ఉద్యోగం. లేకపోతే ఏ పనికీ చెల్లని మనిషిగా ఇంటికి పోవాలి.

శిక్షణాధికారి విజయకుమారి ఆమెను పిలిచి కూర్చోబెట్టింది. "శుక్రవారం ఆఖరి పరీక్షమ్మా. ఆలోగా తుడుపు చేయించుకో. ఆ ఒక్క అలవాటునీ కేంద్రంవాళ్లు తీసేస్తారు. నొప్పి కూడా ఉండదు."

"అదేటో తెలుసుకుని తీయించుకుంటానండి" అంది హైమ.

ఆమె ధారాపత్రం మీద దాత పేరుంది. దాలినాయుడు, విశ్రాంత ఖజానా అధికారి. నాగావళి ఒడ్డున ఒక చిన్న ఊరు. మర్నాడు ఆమె బస్సెక్కింది.

దాలినాయుడు అరుగు మీద కూర్చుని చింతపండు పిక్క తీస్తున్నాడు. తానెవరో చెప్పి, చెయ్యి ఎలా ఆగిపోతున్నదో హైమ చేసి చూపించింది. ఆయన పిక్క తీయడం ఆపాడు.

"మళ్లీ సెయ్యి."

ఆమె మళ్లీ చేసింది. చెయ్యి నిలిచింది, మెడ తిరిగింది.

"డబుల్ లాకమ్మా అది" అన్నాడు. "అప్పట్లో మా స్ట్రాంగ్ రూముకి రెండు తాళాలు. ఒకటి నాది. రెండోది డబ్బు లెక్కెట్టీ షరాబు సన్యాసయ్యది. ఒక్కడే తెరవకూడదు. నాను నా తాళంచెవి దూర్చీసి నిలబడీవోణ్ణి. ఆడెప్పుడూ ఆలీసమే. తమలపాకు నవుల్తా ఎడం పక్కనుంచొచ్చి, 'అయ్యగారికి తొందరెక్కువ' అనీవోడు."

"ఏటి మాటాడుకునీవోరు?"

"ఏటుంటాది? వాన పడిందా, లేదా. ఆడింటికి నానెల్లలేదు, మాయింటికి ఆడు రాలేదు. తరవాత తాళాలు పీకీసి ఫలకాలు పెట్టీసినారు. ఆడు పోయాడని బస్టాండులో ఎవులో అంటే ఇన్నాను." ఆయన చేతులు దులుపుకున్నాడు. "ఆ ఎదురుసూపంటే మహా ఇసుగమ్మా నాకు. ఆ ఇసుగే నీకు అంటించీసినట్టున్నాను. ఏటీ అనుకోకు."

హైమ తల అడ్డంగా ఊపింది.

"ఇసుగు కాదండి."

"నీకేటి తెలుసు?"

"ఆగినప్పుడల్లా నాకు తెలుస్తంది కదండీ. ఇసుగూ లేదు, కోపమూ లేదు. ఆయన వొస్తారని తెలుసు. వొస్తన్నారు. ఆ వొచ్చీలోపు ఎంత హాయిగా ఉంటాదో. ఇంకాస్త ఆలీసమైనా బాగుణ్ణనిపిస్తాది."

వీధిలో మేకలు పోతున్నాయి. ముసలాయన అవన్నీ పోయేదాకా చూశాడు.

"హాయా?" అన్నాడు చివరికి.

"అవునండి. ఇది మీదే. నాది కాదు."

ఆయన లేచి లోపలికి వెళ్లి, పిక్క తీసిన చింతపండు పొట్లం కట్టి తెచ్చాడు. అది ఆమె చేతిలో పెడుతూ, "తుడిపించీసుకో తల్లీ. బతకాల కదా" అన్నాడు.

ఆమె తుడిపించుకుంది. శుక్రవారం చెయ్యి సాఫీగా ఫలకం మీదికి దిగింది. పాలెం వాళ్లకు సాయం అందింది, ఆమెకు ఉద్యోగపు ఉత్తర్వు వచ్చింది. గణపతి పట్టుబట్టి ఆఫీసు మొత్తానికి ఆమె చేత మడతకాజాలు కొనిపించాడు.

కొన్నాళ్లకు దాలినాయుడు ఖజానాకు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. రిటైరయ్యాక ఆ మెట్లెక్కడం అదే మొదలు. స్ట్రాంగ్ రూము ఉన్నచోట ఇప్పుడు మంచినీళ్ల యంత్రం ఉంది. దాని ముందు కాసేపు నిలబడి, తరువాత హైమ బల్ల దగ్గరికి వచ్చాడు. ఆమె లేచి కుర్చీ వేసింది.

"పింఛను పనేటండి?"

"పింఛనుకేటి, అదే వొచ్చీస్తాది." ఆయన కుర్చీ అంచున కూర్చున్నాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఆవేళ ఒక మాటన్నావు. సన్యాసయ్య కోసం నిలబడితే నాకెలాగుండీదో సెప్పినావు. అది మళ్లీ ఒకసారి సెప్పవా? ఇంటికాడ కూకుని తలుసుకుంటే నాకు ఇసుగే గురుతొస్తంది. ఆ రెండోది దొరకతం లేదు."

హైమ తనలో వెతుక్కుంది. ఆరోజు అన్న మాటలన్నీ ఉన్నాయి. మాటలు మాత్రమే ఉన్నాయి. వాటి కింద కడిగి ఆరబెట్టిన పళ్లెంలా ఖాళీగా ఉంది.

"ఆయన వొస్తారని తెలుసు" అంది. "వొస్తన్నారు. ఆ వొచ్చీలోపు ఎంతో హాయిగా ఉంటాది. ఇంకాస్త ఆలీసమైనా బాగుణ్ణనిపిస్తాది."

ఒక్క మాట కూడా తప్పిపోలేదు. దాలినాయుడు ఆ మాటలు వినడం లేదు, ఆమె ముఖం చూస్తున్నాడు.

"ఇప్పుడూ తెలుస్తందా నీకు?"

"తెలుస్తందండి."

ఉద్యోగంలో చేరాక ఆమె ఆడిన మొదటి అబద్ధం అది. ఎదుట కూర్చున్నవాడు బతుకంతా దొంగ సంతకాలు పట్టిన మనిషి.

"అలాగే తల్లీ. సల్లగుండు" అని ఆయన కండువా సర్దుకుని, మెల్లగా మెట్లు దిగి వెళ్లాడు.