పదో బిళ్ళ

ఉంగుటూరు రోడ్డులో మా మందుల ఫ్యాక్టరీ ఉంది కదండీ, అందులో ఒక గదికి భలే చెడ్డపేరు. బిళ్ళ ఎంత గట్టిగా వచ్చిందో చూసే గది అది. అనంతరామయ్యగారు ముప్పై ఏళ్ళు అక్కడే కూర్చుని బిళ్ళలు విరిచి, పోయినేడాది కాలం చేశారు. అప్పట్నుంచీ రాత్రయితే లోపల్నుంచి... టక్... టక్... అని వినపడుతుందట.

క్యాంటీన్‌లో టీ పోసుకునేదాన్ని, నాకెందుకులెండి! ఆ గదిలో కొత్తగా చేరిన కుర్రాడు మణిదీప్ వణుక్కుంటూ వచ్చి చెప్పిందే చెబుతున్నాను.

ఆ రాత్రి గడిస్తే మర్నాడే వాడి ఉద్యోగం పర్మినెంట్ అవ్వాలి. సంతకం పెట్టాల్సింది మేనేజరు లలితగారు. ఆ రాత్రి పది బిళ్ళలు ఒక్కొక్కటీ మిషన్‌లో బిగించి, మర తిప్పి, ఎన్ని కిలోల ఒత్తిడికి విరిగిందో రాయాలి. వీడు గుమ్మం కూడా తొక్కలేదు. నైట్ షిఫ్టులో అందరిలాగే బయట బెంచీ మీద కూర్చుని రాసేశాడు. అన్నీ ఐదే అంటే బాగోదని ఒకచోట నాలుగున్నర, ఒకచోట ఐదుంపావు... ఎంత తెలివో చూడండి!

పెన్ను మూత పెట్టాడు. లోపల — టక్.

మళ్ళీ — టక్. పారిపోదామంటే కాళ్ళు రావే! అలాగే లెక్కపెడుతున్నాడు. ఏడు... ఎనిమిది... తొమ్మిది...

తలుపు కిర్రుమంది. ఆ వెంటనే — టక్. పది.

"మణిదీప్..."

"అమ్మబాబోయ్!"

"అరవకు, నేనే," అన్నారు లలితగారు, ఫోను లైటు పట్టుకుని బయటికొస్తూ. దెయ్యం పేరు చెప్పి ఎవరు పని ఎగ్గొడుతున్నారో చూద్దామని తలుపేసుకుని కూర్చున్నారట, మహాతల్లి. "ఐదు రాసుంటావు, నాకు తెలుసు. అవి రెండు కిలోలకే పిండైపోతున్నాయి. జబ్బు మనుషులకి పొడి పంపిద్దామా?"

వాడికి ఏడుపొక్కటే తక్కువ. "తప్పైపోయిందండీ... ఉద్యోగం తీసెయ్యకండి..."

"ఆ రాసింది కొట్టెయ్. ఆఖరి బిళ్ళ నా ముందు విరిచి, ఉన్నదున్నట్టు రాయి. సంతకం పెడతాను."

"ఆఖరిదేంటండీ? పదీ అయిపోయాయిగా... లెక్కపెట్టాను."

"తొమ్మిదే విరిచానయ్యా. పదోది నీకోసం మిషన్‌లో బిగించి ఉంచాను."

ఇద్దరూ లోపలికి తొంగిచూశారు.

మిషన్‌లో బిళ్ళ రెండు ముక్కలై ఉంది. ముల్లు రెండు దగ్గర ఆగి ఉంది.

మణిదీప్ ఉద్యోగం నిలిచిందండీ. ఇప్పుడు పది విరవమంటే పన్నెండు విరుస్తున్నాడు. లలితగారు మాత్రం చెకింగ్ పగటిపూటకి మార్చుకున్నారు.