కత్తిరించని మూల

మంగళవారం అంటే గ్లెనిస్‌కి దుమ్ము దులిపే రోజు. పొద్దున్నే టీ కప్పులు కడిగేసి, చేతులు ఒకటికి రెండుసార్లు తుడుచుకుని, మెత్తటి కుంచె పట్టుకుని ముందుగదిలోకి వెళ్ళింది. గుడ్డతో తుడవకూడదు, కుంచెతోనే దులపాలి, అదీ పైనుంచి కిందికి. ఈ నియమాలన్నీ మొగుడు మాల్కమ్ పెట్టినవి. ఇంగ్లండులోని లడ్లో అనే ఊళ్ళో వాళ్ళుండేది ఇరుకిల్లు. ఆ ముందుగదిలో ఒకప్పుడు గ్లెనిస్ పియానో ఉండేది. ఇప్పుడు నేలనుంచి కప్పు దాకా ఒకే ఒక్క నవల ఉంది.

ఒకే నవల, నూట పద్నాలుగు ముద్రణలు. పేరు ‘నిద్రపోని కొండ’. యాభై ఏళ్ళ కిందట వచ్చిన మాయాలోకపు కథ. మాల్కమ్‌కి ఇంగ్లీషు తప్ప మరో భాష రాదు గానీ, ఆ నవల పోలిష్‌లో ఉంది, జపనీస్‌లో రెండు సంపుటాలుగా ఉంది, చూపులేనివాళ్ళ కోసం చుక్కలతో అచ్చేసిన అయిదు లావుపాటి భాగాలుగా ఉంది. పదకొండో అధ్యాయం పొరపాటున రెండుసార్లు అచ్చయిన చవక ప్రతి దొరికిన రోజు, రైల్వేలో ముప్పై ఏళ్ళు సిగ్నళ్ళు చూసిన ఆ పెద్దమనిషి వంటింట్లో గంతులేశాడు. పోలిష్ అట్ట మీది డ్రాగన్ పక్కింటి కుక్కలాగే ఉందని గ్లెనిస్ అంటే మాత్రం ఆయనకి నవ్వు రాలేదు.

గ్లెనిస్ ఆ నవల ఇంతవరకు ఒక్క పేజీ చదవలేదు. దానికో కారణం ఉంది. ఆ కారణం మాల్కమ్ ఎప్పుడో మరిచిపోయాడు.

వచ్చే శనివారం ఊరి గ్రంథాలయంలో ఈ పుస్తకాలన్నీ ప్రదర్శనకి పెడుతున్నారు. అందుకని ఆమె ఈసారి మరింత శ్రద్ధగా దులిపింది. మూడో అరలో మొదటి పుస్తకాన్ని ఎప్పటిలాగే చివరికి ఉంచుకుంది. అది తను ఇచ్చింది. పెళ్ళికి ముందు, చెప్పుల దుకాణంలో పనిచేసే రోజుల్లో, క్రిస్మస్‌కి కొని ఇచ్చిన మొదటి ముద్రణ. బహుమతి పుస్తకం మీద ధర కనబడితే మర్యాద కాదని, అట్ట మీద తొడిగిన పై కాగితం లోపలికి మడిచిన చోట ధర ఉన్న మూలని గోళ్ళ కత్తెరతో కత్తిరించి మరీ ఇచ్చింది. వాళ్ళమ్మ అలాగే చేసేది, అందరూ అలాగే చేసేవారు.

పుస్తకం తెరిచింది. మూల ఉంది. ధర కూడా ఉంది. తను రెండు వాక్యాలు రాసిన మొదటి పేజీ తెల్లగా ఉంది. గ్లెనిస్‌కి ఒక్క క్షణం తన మతి పోయిందేమో అనిపించింది.

“మాల్కమ్, నా పుస్తకం ఏది?”

ఆయన వంటింటి బల్ల దగ్గర కాల్చిన రొట్టెకి నారింజ మార్మలేడ్ రాసుకుంటున్నాడు. తల ఎత్తలేదు. “అక్కడే ఉంది కదా. మూడో అర, మొదటిది.”

“అది నాది కాదు. నాదానికి మూల లేదు.”

ఆయన చేతిలో కత్తి ఆగిపోయింది. “చెబుదామనే అనుకున్నాను గ్లెన్. లీడ్స్‌లో ఒకాయన దగ్గర దొరికింది. అసలెవరూ తెరిచినట్టే లేదు. నలభై ఏళ్ళుగా అలాంటిదాని కోసం చూస్తున్నాను.”

“మరి నాది?”

“మంచి ప్రతి దొరికితే పాతది వదిలేస్తాం. సేకరించేవాళ్ళందరూ చేసేదే. హెరిఫర్డ్‌లో వెర్నన్‌కి ఇచ్చేశాను. పళ్ళ డాక్టరు, ఇప్పుడు రిటైరయ్యాడు. మంచివాడు, జాగ్రత్తగా చూసుకుంటాడు.”

“పిల్లిపిల్లని ఇచ్చేసినట్టు చెబుతున్నావు.”

“ఒకే ముద్రణవి రెండెందుకు చెప్పు? పైగా దాని మూల కత్తిరించేసి ఉంది. ప్రదర్శనలో చూసేవాళ్ళు మొదట చూసేది అదే.”

“కత్తిరించింది నేను.”

“తెలుసు.”

తెలిసి కూడా ఇచ్చేశాడన్నమాట. గ్లెనిస్‌కి ఒళ్ళు మండింది. అప్పుడు మర్యాద అనుకుని చేసిన పని ఇన్నేళ్ళకి లోపమై కూర్చుంది.

“రేపు ఇంకా మంచి పెళ్ళాం దొరికితే నన్ను కూడా ఏ పళ్ళ డాక్టరుకో ఇచ్చేస్తావా? నా మోకాళ్ళు ఎలాగూ పాడయ్యాయి. అంచులు కూడా అరిగిపోయాయి.”

“అదీ ఇదీ ఒకటేనా?”

“నాకు ఒకటే.”

సరిగ్గా అప్పుడే కూతురు టెస్సా వెనక తలుపు తోసుకుని వచ్చింది. ఆమె ఆ గ్రంథాలయంలోనే పనిచేస్తుంది. చేతిలో పుస్తకాల పక్కన పెట్టే చీటీల కట్ట. “నాన్నా, నువ్వు చెప్పినవన్నీ అచ్చు తీశాను, ఒకసారి చూసుకో” అంటూ బల్ల మీద పెట్టింది. పైనున్న చీటీ గ్లెనిస్ తీసి చదివింది. ‘మొదటి ముద్రణ. ఎలాంటి లోపమూ లేని ప్రతి.’

“ఏమైందమ్మా? అలా ఉన్నావేం?”

“ఏం లేదే. మీ నాన్న దగ్గర ఇప్పుడు లోపం అనేదే లేదట.”

సంగతి తెలుసుకోవడానికి టెస్సాకి అయిదు నిమిషాలు పట్టింది. తెలిశాక తండ్రి ఎదుట కుర్చీ లాక్కుని కూర్చుంది. “అందులో అమ్మ ఏదో రాసింది కదా నాన్నా, లోపల. ఏం రాసింది?”

మాల్కమ్ నోరు తెరిచాడు. ఏ దేశంలో ఏ ఏడు ఎన్ని ప్రతులు అచ్చేశారో నిద్రలో లేపినా చెప్పగల మనిషి, రెండు వాక్యాల కోసం ఇంటి కప్పు వంక చూశాడు, టీ కెటిల్ వంక చూశాడు. దొరకలేదు.

“క్రిస్మస్ శుభాకాంక్షలు అని... ఏదో...”

“గుర్తు లేకపోతే వద్దులే” అంది గ్లెనిస్. తిట్టినా బాగుండేది. ఆ మాట ఆమె చాలా నెమ్మదిగా అంది.

ఆయన లేచాడు. ముందుగదిలోకి వెళ్ళి ఆ కొత్త పుస్తకాన్ని కాగితంలో చుట్టి సంచీలో పెట్టుకున్నాడు. కోటు తొడుక్కుని, ఎవరితోనూ ఒక్కమాట చెప్పకుండా స్టేషన్ వైపు నడిచాడు.

“చూశావా” అంది గ్లెనిస్. “ఎక్కడ చింపేస్తానోనని దాచిపెట్టడానికి పట్టుకుపోయాడు.” అంతవరకు ఆపుకున్న ఏడుపు అప్పుడు వచ్చేసింది. టెస్సా మళ్ళీ టీ పెట్టింది గానీ ఇద్దరూ తాగలేదు.

నాలుగింటికి వాన మొదలైంది. టెస్సా వెళ్ళిపోయింది. గ్లెనిస్ బల్ల దగ్గర బంగాళాదుంపలు చెక్కుతోంది. మాల్కమ్ తడిసిన కోటుతోనే లోపలికి వచ్చి, సంచీలోంచి పొట్లం తీసి ఆమె ముందు పెట్టాడు. సంచీ తడిసింది, పొట్లం తడవలేదు. విప్పి చూస్తే పై కాగితానికి మూల లేదు.

“వెర్నన్ ఊరికే ఇవ్వనన్నాడు. మార్చుకున్నాం.”

“దేనితో?” అని అడిగాక ఆమెకే అర్థమైంది. “మరి శనివారం?”

“శనివారం ఇదే పెడతాం. చీటీ మార్చమని టెస్సాకి చెబుతాను.”

“నేను మార్చుకు రమ్మనలేదు.”

“అనలేదు. నాకే తెలియాల్సింది.” ఆయన ఎదురుగా కూర్చున్నాడు. “రైల్లో చదివాను, నువ్వు రాసింది.”

నీలి సిరా కాస్త వెలిసింది. ‘మాల్కమ్, ఇలాంటి కథలు చదివే ఓపిక నాకు లేదు. ఆ కొండ ఎందుకు నిద్రపోదో నువ్వు చదివి నాకు చెప్పు.’

“నేను చెప్పనే లేదు” అన్నాడు మాల్కమ్.

“లేదు.”

“ఒక్కసారి అడగొచ్చుగా?”

“అడిగాను. పెళ్ళైన కొత్తలో రెండుమూడు సార్లు. చాలా బాగుంటుంది, నువ్వే చదువుకో అన్నావు. తర్వాత మానేశాను.”

ఆయన తడి కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. గ్లెనిస్ ఆయన్ని తేలిగ్గా వదిలే స్థితిలో లేదు. దుంప చెక్కుతూనే ఉంది.

“ఆ కొండ ఒడిలో ఒక ఊరుంటుంది” అని మొదలుపెట్టాడు చివరికి. “తను కళ్ళు మూస్తే శత్రువులొచ్చి ఊరిని ఎత్తుకుపోతారని కొండకి భయం. అందుకని నిద్రపోదు. వందల ఏళ్ళు అలా బయటికే చూస్తూ కూర్చుంటుంది. ఊరి వైపు మాత్రం ఒక్కసారీ తిరగదు. కొండ తమని పట్టించుకోవడం లేదని జనం ఒక్కొక్కరే...” అక్కడ ఆపి గ్లెనిస్ వంక చూశాడు. ఆ కథ ఆయన ఎన్నిసార్లు చదివాడో లెక్కే లేదు. దాన్ని పైకి చెప్పడం మాత్రం ఇదే మొదటిసారి.

“వెళ్ళిపోయారా?”

“వెళ్ళిపోయారు.”

“అందరూనా?”

“ఒక్క ముసలామె ఉండిపోతుంది. ఎందుకుందో పుస్తకంలో చెప్పలేదు. దాని మీద పెద్దపెద్దవాళ్ళు ఏవేవో రాశారు.”

గ్లెనిస్ చేతిలో దుంపని అటూఇటూ తిప్పి చూసింది. “మోకాళ్ళ నొప్పులై ఉంటాయి” అంది.

మాల్కమ్ నవ్వబోయాడు. నవ్వు రాలేదు, కళ్ళల్లోంచి నీళ్ళు వచ్చాయి. తుడుచుకోవడానికి జేబులో చెయ్యి పెడితే రైలు టికెట్టు తప్ప ఏమీ లేదు.

ఆమె తన భుజం మీది తువ్వాలు తీసి ఆయన వైపు తోసింది. సొరుగులోంచి ఇంకో కత్తి తీసి ఆయన ముందు పెట్టి, సగం దుంపలు అటు జరిపింది.

“మొదటినుంచి చెప్పు” అంది. “చెక్కుతూ చెప్పు.”