కాగితం లేకుండా వచ్చిన ఫ్యాను

హజ్జియా నజీబా మంచం మీదే చనిపోయి ఉంది.

సాయంత్రం నాలుగున్నర. బస్రాలో ఆగస్టు నెల. మంచం పక్కన స్టూలు మీద ఒక ఛార్జింగ్ ఫ్యాను. దాని వైరు గోడ ప్లగ్గులో ఉంది. ఫ్యాను మాత్రం తిరగడం లేదు.

డాక్టర్ రెండు ముక్కల్లో తేల్చేశాడు. "వడదెబ్బ. మూడింటికి ముందే ప్రాణం పోయింది."

వడదెబ్బకు పోలీసులెందుకు? హజ్ చేసొచ్చి హజ్జియా అనిపించుకున్న ఆ పెద్దావిడ కూతురు సుకైనా పిలిపించింది కాబట్టి.

"మా అమ్మకు ఒక పక్క పడిపోయింది. తనంతట తాను లేవలేదు. ఫ్యాను ఆపేసి చంపింది ఇదే." సుకైనా వేలు తమ్ముడి భార్య ఇబ్తిహాల్ వైపు చూపించింది. "వారం నుంచి రోజూ గొడవే. గల్లీ అంతా విన్నారు. స్టేషన్‌కి తీసుకుపోండి సార్."

ఇన్‌స్పెక్టర్ తౌఫీక్ చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నాడు. భారీ మనిషి. ఎండ అంటే ఆయనకు మహా చెడ్డ కోపం.

"ముందు ఒక్కొక్కరితో మాట్లాడనివ్వమ్మా. మీరు బయట కూర్చోండి."

గదిలో ఇబ్తిహాల్ ఒక్కతే మిగిలింది.

"ఎప్పుడు బయటికెళ్ళావు?"

"పదకొండింటికి. అత్తయ్య మందుల కోసం, పెద్దాసుపత్రికి. క్యూ చాలా ఉంది సార్."

"నిన్ను చూసినవాళ్ళు?"

"ముక్కూ మొహం తెలియనివాళ్ళే."

"తిరిగొచ్చింది?"

"నాలుగింటికి. నేను వెళ్ళేటప్పుడు ఫ్యాను తిరుగుతోంది. వచ్చేసరికి ఆగిపోయి ఉంది. పిలిచాను. పలకలేదు."

"గొడవ దేనికి?"

"ఉప్పు తినొద్దన్నాను. ఊరగాయ కావాలంది. మా గొడవలన్నీ అంతే."

తౌఫీక్ చొక్కా తడిసి ముద్దయింది. "ఆ ఫ్యాను కాస్త వెయ్యమ్మా. ఉడికిపోతున్నాను."

ఇబ్తిహాల్ వైరు లాగింది. మధ్య బటన్ నొక్కింది. రెక్కలు తిరిగాయి. ఇన్‌స్పెక్టర్ దాని ముందు వంగి కళ్ళు మూసుకున్నాడు. తెరిచాక వెనక జాలీలో ఏదో ఇరుక్కుని ఉండడం చూశాడు. బూడిదరంగులో, గోరంత. జాగ్రత్తగా తీసి కవర్లో పెట్టుకున్నాడు.

తర్వాత ఇబ్తిహాల్ భర్త ముహన్నద్ వచ్చాడు. టైర్ల షాపు యజమాని. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచాయి. ఆ ఏడుపు నటన కాదు. ఆ మాట ఇప్పుడే చెప్పేస్తున్నాను.

"ఎన్నింటికి ఇంటికొచ్చావు?"

"ఒంటిగంటకు. భోజనానికి."

"అమ్మను చూశావా?"

"చూశాను. నిద్రపోతోంది."

"కరెంటు?"

"పన్నెండుకే పోయింది. మూడున్నర దాటాక గానీ రాలేదు. గల్లీ జనరేటర్ రిపేర్‌లో ఉంది."

"ఫ్యాను?"

"తిరుగుతోంది."

"మరి వైరు?"

ముహన్నద్ గోడ ప్లగ్గు వైపు చూశాడు. "అప్పుడూ ప్లగ్గులోనే ఉంది సార్. వైరు పెట్టే ఉంది, ఫ్యాను తిరుగుతూనే ఉంది. కళ్ళారా చూశాను. ఒకటిన్నరకు షాపుకెళ్ళిపోయాను."

"తర్వాత ఎవరు ఆపి ఉంటారు?"

అతను తల దించుకున్నాడు. "ఆసుపత్రి నుంచి ఆమె ఎప్పుడొచ్చిందో నాకేం తెలుసు సార్."

తలుపు అవతల ఇబ్తిహాల్ నిలబడి ఉంది. ఆ మాట వింది. మొగుడే అలా అంటే ఆడదానికి ఇంక దిక్కెవరు? ఆమె గోడకు చేరబడి మెల్లిగా నేల మీద కూర్చుండిపోయింది.

"విన్నారుగా," అంది సుకైనా. "కన్నకొడుకు సాక్ష్యం. ఇంకేం కావాలి?"

"రేపటిదాకా ఆగండమ్మా. ఆధారం దొరికితే నేనే జీపెక్కిస్తాను."

స్టేషన్‌కి వెళ్ళగానే తౌఫీక్ కానిస్టేబుల్ అబ్బూద్‌ని పిలిచి కవరు చేతిలో పెట్టాడు. "పావురాలవాళ్ళు చేరే కాఫీ హోటల్ తెలుసుగా? అక్కడ ఒక మనిషి గురించి కనుక్కురా."

మర్నాడు ఖననం అయిపోయింది. మధ్యాహ్నం అదే గదిలో నలుగురూ కూర్చున్నారు. ఇబ్తిహాల్ బయటికెళ్ళేటప్పుడు వేసుకునే నల్లటి అబాయా వేసుకుని, బట్టల సంచి సర్దుకుని వచ్చింది. ఎటూ జైలే కదా అనుకుంది.

తౌఫీక్ ఫ్యాను తీసి ముహన్నద్ ముందు పెట్టాడు. "నిన్న ఒంటిగంటకు నువ్వు చూసినట్టే ఇప్పుడు నడిపించు."

ముహన్నద్ వైరు ప్లగ్గులో పెట్టాడు. పిన్ను ఫ్యానులో దూర్చాడు. బటన్ నొక్కాడు. తిరగలేదు. పక్కది నొక్కాడు. లైటు వెలిగింది. కింది బటన్ పట్టి ఉంచాడు. లైటు ఆరిపోయింది. రెక్కలు ఉలకలేదు, పలకలేదు.

"చెడిపోయినట్టుంది సార్."

"అలాగా. ఇబ్తిహాల్, నువ్వు చూడమ్మా."

ఆమె కూర్చున్నచోటి నుంచే చెయ్యి చాచి పిన్ను లాగేసింది. బటన్ నొక్కింది. ఫ్యాను తిరిగింది.

"వైరెందుకు తీశావు?"

"అది ఉంటే తిరగదు సార్. కరెంటు ఉన్నా లేకపోయినా అంతే. పిన్ను దూరిందంటే ఆగిపోతుంది."

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. పెట్టెలో ఎలా వాడాలో రాసిన కాగితమే లేదు. నేనూ అత్తయ్యా కూర్చుని అన్నీ నొక్కి చూశాం. ముందు లైటు వెలిగింది. అత్తయ్య ఒకటే నవ్వు, ఫ్యాను కొన్నావా టార్చిలైటు కొన్నావా అని. నిన్న కూడా నేనే ఛార్జి పెట్టి, తీసి, వేసి వెళ్ళాను."

తౌఫీక్ ముహన్నద్ వైపు తిరిగాడు.

"అమ్మ పక్కన ఒక్క పూట కూర్చుని ఉన్నా నీకు ఈ సంగతి తెలిసేది. నువ్వు చూశానన్నది ఈ ఫ్యానుతో జరిగే పని కాదు. అంటే నువ్వు చూడలేదు. ఒంటిగంటకు ఫ్యాను ఈ గదిలోనే లేదు కదా?"

సుకైనా ఉలిక్కిపడింది. "ఏం మాట్లాడుతున్నారు సార్?"

ఇన్‌స్పెక్టర్ కవర్ తెరిచి అరచేతిలో దులిపాడు. చిన్న బూడిదరంగు ఈక. "ఫ్యాను వెనక దొరికింది. అమ్మ దిండు దూదిది. మరి ఇదెక్కడిది?"

ఇబ్తిహాల్ ఆ ఈకను చూసింది. భర్తను చూసింది. ఆమె మొహం పాలిపోయింది.

పావురాలు ఎగరేసేవాడికి పిల్లనివ్వనన్నాడు ఆమె తండ్రి. బస్రాలో చాలామంది ఇవ్వరు. వాడి సాక్ష్యం ఖాజీ దగ్గర కూడా చెల్లదని ఊళ్ళో అంటారు. ముహన్నద్ ఖురాన్ మీద చెయ్యి పెట్టి, మానేశానని ఒట్టు వేశాడు. అప్పుడు జరిగింది పెళ్ళి. ఆరేళ్ళయింది.

"వెనక గల్లీలో హాతిఫ్ మేడ అద్దెకు తీసుకున్నావు," అన్నాడు తౌఫీక్. "మేలు జాతి పావురాల జత. గుడ్లు పగిలే రోజు. ఎండకు పిల్లలు చస్తాయని భయపడ్డావు. అమ్మ పక్కన ఉన్న ఫ్యాను పట్టుకుపోయావు. హాతిఫ్ అంతా ఒప్పుకున్నాడు."

ముహన్నద్ మొహం చేతుల్లో దాచుకున్నాడు.

"అరగంటే అనుకున్నాను సార్. నిజంగా. పిల్లల్ని చూడ్డానికి మనుషులొచ్చారు. మాటల్లో పడిపోయాను. మూడున్నరకు తెచ్చి పెట్టాను. బ్యాటరీ అయిపోయిందని వైరు గుచ్చి పరిగెత్తాను. అమ్మ నిద్రపోతోందనుకున్నాను."

"మొహం చూశావా?"



సుకైనా ఏడుస్తూ మరదలి చెయ్యి పట్టుకోబోయింది. ఇబ్తిహాల్ చెయ్యి వెనక్కి తీసుకుంది. నిన్న తన వైపు వేలు చూపించింది కూడా ఆ చెయ్యేనని ఆమె మర్చిపోలేదు.

"ఇబ్తిహాల్," అన్నాడు ముహన్నద్. "నిన్ను జైలుకి పోనిచ్చేవాడినా? చెప్పేవాడినే."

"ఎప్పుడు? జీపెక్కాకనా?"

అబ్బూద్ వచ్చి ముహన్నద్ భుజం మీద చెయ్యి వేశాడు.

"ఒక్కటి చెప్పండి," అంది ఆమె. "పిల్లలు బతికాయా?"

"రెండూ బతికాయి," అన్నాడు ముహన్నద్.

ఇబ్తిహాల్ ఫ్యాను ఆపింది. వైరు నీటుగా చుట్టింది. రెండూ తెచ్చి అతని ఒళ్ళో పెట్టింది.

"అయితే హాతిఫ్‌కి పంపించండి. వైరు తీసి వెయ్యమని చెప్పండి. పెట్టెలో కాగితం ఉండదు."

ఆమె బట్టల సంచి తీసుకుని మెట్లు దిగింది. జీపు వైపు చూడను కూడా చూడకుండా పుట్టింటి దారి పట్టింది.