అత్తయ్యకు పడనిది

“నాకిక్కడ పడటం లేదమ్మా” అని అత్తగారు ఫోనులో కూతురితో అన్న ఒక్క మాట, రెండు రోజులు తిరక్కుండానే ఆడపడుచు రూపంలో గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

ఆడపడుచు బడిలో లెక్కల పంతులమ్మ. మాట కొట్టినట్టు ఉంటుంది, మనసు మాత్రం మంచిదే. చెప్పులైనా విప్పకుండా, “అమ్మ బట్టలు సర్దమ్మా. రేపు తొమ్మిదింటి బస్సుకు నాతో తీసుకెళ్తున్నాను” అంది. కళ్ళజోళ్ళ దుకాణంలో పగలంతా నిలబడి అప్పుడే ఇంటికొచ్చిన కోడలికి ముందు ఆ మాటలు తలకెక్కలేదు.

“ఏం జరిగింది వదినా?”

“నన్నడుగుతావేం? అమ్మే తన నోటితో చెప్పింది, ఇక్కడ పడటం లేదని. ఆపరేషన్ అయిన మనిషిని ఈ రెండు నెలల్లో ఇలా చేశారు. ఆ బుగ్గలు చూడు, ఎలా పీక్కుపోయాయో.”

కోడలు అత్తగారి వైపు చూసింది. ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని తల తిప్పుకుంది.  అలా తల తిప్పుకోవడమే కోడలి గుండెను కోసేసింది.

అత్తగారు ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసింది. వీధిలో ఇప్పటికీ అందరూ కండక్టరమ్మ అనే పిలుస్తారు. క్రిక్కిరిసిన బస్సులో “ముందుకు జరగండి” అని ఆవిడ ఒక్క కేక వేస్తే తాగుబోతు కూడా బుద్ధిగా జరిగేవాడట. అలాంటి మనిషి ఆరేళ్ళ కిందట ఈ ఇంట్లో అడుగుపెట్టిన కోడలిని మాత్రం ఒక్క గట్టి మాట అనలేదు. పురిటిలోనే తల్లిని పోగొట్టుకున్న పిల్ల అని తెలిసి, కడుపులో పెట్టుకుని చూసుకుంది. పిల్లకు వంట రాకపోతే పక్కన నిలబడి నేర్పింది. కోడలు పైకి అత్తయ్యా అని పిలిచినా, లోపల వేరే పిలుపు పిలుచుకునేది.

అందుకే రెండు నెలల కిందట పిత్తాశయంలో రాళ్ళున్నాయని ఆ సంచినే తీసేసినప్పుడు, కోడలు తన ప్రాణం పెట్టి చాకిరీ చేసింది. మొదటి రెండు వారాలూ ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన కాగితం ప్రకారం చప్పిడి తిండి పెట్టింది. ఆ గడువు దాటగానే, ఇక ఒంటికి బలం పట్టాలి కదా అనుకుంది. కడుపులోంచి ఒక అవయవాన్నే తీసేశారు, ఆ ఖాళీ నిండొద్దూ? పొద్దున పనికి వెళ్ళేముందు మధ్యాహ్నానికీ, తిరిగొచ్చాక రాత్రికీ వెన్న దండిగా వేసి వండి పెట్టేది. వేయించిన గుడ్లు, మీగడ పాలు... అత్తగారు మారుమాట లేకుండా తినేది. సగంలో ఉన్నట్టుండి లేచి, “గాలాడటం లేదే” అంటూ పెరట్లోకి వెళ్ళిపోయేది. ఎంతసేపటికో ఎర్రబడ్డ కళ్ళతో తిరిగొచ్చేది. రెండిళ్ళకీ ఉమ్మడి పెరడది, అవతలే పక్కింటావిడ వాకిలి. ఆవిడ దగ్గర కూర్చుని నా మీద చెప్పుకుంటోందేమో అని కోడలికి మొదటిసారి అనిపించిన రోజున తన మీద తనకే అసహ్యం వేసింది. కానీ అనుమానం ఒకసారి దూరాక ఊరుకుంటుందా! ఊళ్ళో వాళ్ళ చూపుకు సరిపడా అద్దాలు అమర్చే మనిషికి, ఇంట్లో ఉన్నది మాత్రం సరిగ్గా కనిపించలేదు.

మర్నాడు పొద్దున కోడలు సంచి సర్దుతోంది. భర్త, కుళాయిలూ గొట్టాలూ బిగించే మేస్త్రీ, తల్లికీ భార్యకీ అక్కకీ మధ్య అడకత్తెరలో పోకచెక్కలా నలిగిపోయి, పనికి వెళ్ళకుండా వాకిట్లో తచ్చాడుతున్నాడు. అత్తగారు నిన్న మధ్యాహ్నం నుంచి ఏమీ ముట్టలేదు. కోడలు పాలగ్లాసు తెచ్చి చేతికిస్తే, ఆవిడ దాన్ని పక్కన పెట్టేసింది.

“వద్దే. బస్సెక్కే ముందు ఏమీ వద్దు.”

ఆ మాటతో కోడలికి దుఃఖం ఆగలేదు. వెళ్ళేముందు గుక్కెడు పాలు కూడా నా చేత్తో వద్దా... అనుకుంటూ గబగబా సంచిలో బట్టలు కుక్కుతుంటే, అడుగున చేతికి ఏదో తగిలింది. మడతపెట్టిన ప్లాస్టిక్ గుడ్డ. దానితో పాటు లోపావడాలు, ఒకటి కాదు, అయిదు. తను సర్దినవి కాక, ఆరు గంటల ప్రయాణానికి ఇన్నెందుకు? అడగాలని తల ఎత్తింది కానీ, మనసులో రాత్రంతా నానుతున్న ప్రశ్నే ముందు బయటికొచ్చింది.

“వెళ్ళండి అత్తయ్యా, నేను ఆపను. ఒక్కటి చెప్పి వెళ్ళండి. నాలో మీకు ఏం పడలేదు?”

అత్తగారు అర్థంకానట్టు చూసింది. “నీతో నాకు పడకపోవడమేంటే?”

“వదినతో మీరే అన్నారుగా, పడటం లేదని.”

“పిచ్చిమొద్దూ... నాకు పడనిది నువ్వు కాదే. నువ్వు పెట్టే వెన్న.”

కోడలి చేతిలో లోపావడా అలాగే ఉండిపోయింది. అత్తగారు దాన్ని చూసింది, తల దించుకుంది. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. బస్సంతా వినిపించే ఆ గొంతు, పక్కన కూర్చున్న మనిషికి కూడా వినపడనంత చిన్నదైపోయింది.

“తినడం మొదలెట్టగానే కడుపులో మెలిపెడుతుంది. నాలుగు ముద్దలు మింగేలోపే పరుగెత్తాలి. పెరట్లో ఉన్నది ఒక్కటే దొడ్డి, పక్కింటికీ మనకీ కలిపి. మొన్న వెళ్ళేసరికి లోపల ఆవిడ ఉంది. తలుపు ముందు నిలబడి పళ్ళు బిగబట్టుకున్నాను... ఆగలేదే తల్లీ. ఈ వయసులో... నా బట్ట నువ్వు చూస్తావని నేనే ఉతుక్కుని, ఆరకుండానే కట్టుకున్నాను. మీ వదిన ఇంట్లో అయితే దొడ్డి గదిలోనే ఉంటుంది కదా అని వెళ్తానన్నాను. ముప్పై ఏళ్ళు బస్సులోనే బతికినదాన్ని, ఇవాళ బస్సంటే భయమేస్తోంది.”

“నాకెందుకు చెప్పలేదు అత్తయ్యా?”

“ఎలా చెప్పను? వడ్డించి, గిన్నె పట్టుకుని నా మొహంలోకి చూస్తూ నిలబడతావు, బావుందా లేదా అని. అమ్మ చేతి ముద్ద ఎరగని పిల్లవి. అంత ప్రేమగా పెడుతుంటే, నీ వంట నాకు పడటం లేదని ఏ నోటితో అనేది? పోనీ మీ వదినకైనా విప్పి చెబుదామంటే, కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. నిన్నే తప్పు పడుతుందని భయం.”

“ఇప్పుడు తప్పు పట్టలేదా మరి” అంటూ కోడలు ఆవిడ ఒళ్ళో తల పెట్టి భోరుమంది. ఇన్నాళ్ళూ చేజేతులా ఆవిడను బాధపెట్టింది తనే అన్న బాధ ఒకవైపు, తనను వద్దనుకోలేదన్న సంతోషం ఒకవైపు... ఏది ఎక్కువో ఆమెకే తెలియలేదు. అత్తగారి వేళ్ళు ఆమె జుట్టులోకి వెళ్ళాయి. ఎప్పుడొచ్చిందో, ఆడపడుచు గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. తొమ్మిదింటి బస్సు సంగతి ఆమె ఎత్తలేదు.

బస్సుకు బదులు నలుగురూ ఆసుపత్రికి వెళ్ళారు. డాక్టరు పొట్ట నొక్కి చూసి, రక్తపరీక్ష చేయించి, భయపడాల్సింది ఏమీ లేదన్నాడు. తిండి సంగతి చెప్పడానికి నర్సు వాళ్ళను పక్క గదిలో కూర్చోబెట్టింది. ఆపరేషన్ అయ్యాక కాగితం ఇచ్చింది ఆవిడే.

“కాగితంలో రెండు వారాలనే ఉంది. తర్వాత కూడా నెమ్మదిగా పెంచాలని నేను నోటితో చెప్పాల్సింది, హడావిడిలో చెప్పలేదు” అని ఒప్పుకుంది. “చూడమ్మా, పైత్యరసాన్ని తయారుచేసేది కాలేయం. అది ఉంది, దాని పని అది చేస్తోంది. మేం తీసింది ఆ రసాన్ని దాచిపెట్టే సంచిని. ఇదివరకు కొవ్వు తిన్నప్పుడు సంచి ముడుచుకుని కావలసినంత రసం ఒక్కసారి వదిలేది. ఇప్పుడు రసం కొంచెం కొంచెంగా పేగుల్లోకి కారుతూనే ఉంటుంది.”

“మిద్దె మీది ట్యాంకు తీసేసి, డైరెక్టు లైను ఇచ్చారన్నమాట” అన్నాడు కొడుకు. రెండు రోజుల్లో అతను నోరు విప్పి మాట్లాడిన మొదటి మాట అదే. “సన్నగా పగలూ రాత్రీ వస్తుంది. కానీ ఒక్కసారిగా బకెట్టు నిండాలంటే నిండదు.”

నర్సు అతన్ని ఒక క్షణం చూసి నవ్వింది. “పన్నెండేళ్ళుగా చెబుతున్నాను, ఇంత తేలిగ్గా ఎప్పుడూ చెప్పలేకపోయాను. అంతే బాబూ. ఒకేసారి అంత వెన్న వచ్చిపడితే సరిగ్గా అరగదు. అలాగని పస్తులుంటే, పని లేని రసం పెద్దపేగులోకి దిగి పరుగులు పెట్టిస్తుంది. అందుకని కొంచెం కొంచెంగా రోజుకు అయిదారుసార్లు తినాలి. వెన్న, వేపుళ్ళు బాగా తగ్గించండి. చాలామందికి కొన్ని నెలల్లో సర్దుకుంటుంది. సర్దుకోకపోతే ఆ రసాన్ని పట్టి ఉంచే పొడి ఉంది, డాక్టరు గారు రాస్తారు. జ్వరం వచ్చినా, నొప్పి వచ్చినా, కళ్ళు పచ్చబడినా మాత్రం వెంటనే తీసుకురండి.”

“ఇన్నాళ్ళూ పైత్యం మా అక్కకే అనుకున్నాను” అని కొడుకు గొణిగాడు. అక్క అతని భుజం మీద ఒక్కటి వేసింది. కండక్టరమ్మ చాలా రోజులకు పళ్ళు కనబడేలా నవ్వింది.

సాయంత్రం బస్సుకు ఆడపడుచు ఒక్కతే బయల్దేరింది. వెళ్ళేముందు కోడలి చెయ్యి పట్టుకుని, “పిల్లలకు లెక్క పూర్తిగా చదివి గానీ మొదలుపెట్టొద్దని రోజూ చెబుతాను. నేనేమో అమ్మ అన్న ఒక్క ముక్క పట్టుకుని జవాబు రాసేశాను. మనసులో పెట్టుకోకు” అంది. కోడలు ఆమె సంచి తీసుకుని వీధి చివరిదాకా నడిచింది.

మర్నాటి నుంచి కోడలు పొద్దున్నే లేచి చిన్న చిన్న డబ్బాల్లో తిండి సర్ది, ఏది ఎప్పుడు తినాలో మూతల మీద రాసి పనికి వెళ్ళేది. దుకాణం నుంచి ఫోను చేసి, “పదకొండింటిది తిన్నారా?” అని అడిగేది. కొడుకు గోడ తవ్వి, స్నానాలగదికి ఆనుకుని లోపలే ఒక దొడ్డి కోసం గొట్టం వేయడం మొదలుపెట్టాడు. ఊరందరికీ కుళాయిలు బిగించేవాడికి సొంత ఇంటి పని ఎప్పుడు తెముల్తుందో తెలియదు కానీ, పలుగు మాత్రం దిగింది. బాధ ఒక్కరోజులో పోలేదు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చేది.

నాలుగో రోజు ముగ్గురూ కలిసి భోజనానికి కూర్చున్నారు. కోడలు కొద్దిగా వడ్డించింది. ఈసారి గిన్నె పట్టుకుని మొహంలోకి చూడలేదు, తన కంచం ముందు తను కూర్చుంది. మూడు ముద్దలు తిన్నాక అత్తగారి చెయ్యి ఆగింది. కోడలు చూసీ చూడనట్టు ఊరుకుంది. అత్తగారు లేచి నిలబడి, కొడుకు ముందరే, పక్కింటికి వినిపిస్తుందేమో అన్న జంకు కూడా లేకుండా, వెనకటి గొంతుతో అంది.

“నేను దొడ్లోకి వెళ్ళొస్తానే. నా కంచం తీయకు.”

కోడలు ఆ కంచం మీద మూత పెట్టి, తను కలుపుకున్న ముద్ద అలాగే ఉంచుకుని, అత్తయ్య వచ్చేదాకా కూర్చుంది.