పదిహేడో నంబర్ ప్రపోజల్

ఉదయం తొమ్మిదింటికి నిఘా విభాగం ఆఫీసులో లిఫ్టు తలుపు తెరుచుకుంది. లోపల ఇంజినీరు గోడకానుకుని కూర్చున్నట్టే ఉన్నాడు, ప్రాణం మాత్రం లేదు. విదేశీ ముఠాకి మెషీన్లు చేసిపెట్టి, మనసు మారి, నిజం చెప్పేస్తానని వస్తున్న మనిషి. అతని మేజోడులో చీటీ దొరికింది. పైన 17, దాని కింద 11.40, ఆ కింద పన్నెండు అంకెలు.

చీఫ్ బ్రీఫింగ్ పది నిమిషాల్లో ముగిసింది. ఆయన మాటల్లో పొదుపరి, మనుషుల విషయంలో కాదు. ఆన్‌లైన్ కొనుగోళ్ళు భద్రంగా, చురుగ్గా సాగేలా పరిశోధనలకి ప్రభుత్వం నిధులిస్తోంది. చివరి విడత ఎవరికివ్వాలో పదకొండింటికి నిపుణుల కమిటీ తేలుస్తుంది. గెలిచిన కోడ్ సాయంత్రానికల్లా ప్రతి బ్యాంకుకీ, ప్రతి దుకాణానికీ వెళ్ళిపోతుంది. పదిహేడో నంబర్ ప్రపోజల్ వెనక ముఠా ఉంది. ఆపాలి.

నెరిసిన మీసం, కెమెరా దాచిన కళ్ళజోడు, ప్రొఫెసర్ బ్యాడ్జీతో ఏజెంటు కమిటీ సభ్యుడిగా హాలు చేరాడు. గుమ్మంలోనే ఫోన్ తీసేసుకున్నారు. వరండాలో 'నెమలి' ఎదురైంది. రెండు పడవల మీద కాళ్ళు పెట్టి కూడా హైహీల్స్ విప్పని డబుల్ ఏజెంటు. తడిగుడ్డతో గొంతు కోస్తుందని ఆఫీసులో పేరు.

"ఏసీ ఎక్కువైంది" అంది. అది గుర్తింపు మాట.

"శాలువా తెచ్చుకోవాల్సింది" అన్నాడు.

"పదిహేడు మీ అక్కది."

ప్రపోజల్స్ మీద పేర్లుండవు, నంబర్లే. అక్క ల్యాబ్ మూడేళ్ళు రాండమ్ నంబర్ మెషీన్ అడిగింది, ఎవరూ ముందే ఊహించలేని అంకెలిచ్చేది. ఏటా ప్రభుత్వం ఆ పద్దు కొట్టేసింది. నిరుడు ఒక ట్రస్టు ఉచితంగా ఇచ్చింది. ఆ ట్రస్టు ముఠాదేనని నెమలి చెప్పింది. కొనుగోళ్ళని కాపాడే రహస్య తాళాలన్నీ పుట్టేది ఆ మెషీనిచ్చే అంకెల్లోంచి. ఏ నిమిషానికి ఏ అంకెలొస్తాయో ముఠాకి ముందే తెలుసు. అక్కకి తెలీదు.

"ఈ లెక్కలు చదవగలిగేది మీ ఆఫీసులో నువ్వొక్కడివే. నిన్నే పంపుతారని వాళ్ళకి తెలుసు. బంధువుల ఫైలొస్తే సభ్యుడు బయటికి పోవాలి, అతను చెప్పిన మాటలు రికార్డులోంచి కొట్టేస్తారు. అందుకే మీ అక్కని ఎంచుకున్నారు."

"ఇదంతా ఎవరి తరఫున చెబుతున్నావు?"

"ఇంకా తేల్చుకోలేదు."

లోపల అతను పదిహేడు తిరగేశాడు. ఎవరూ అడక్కముందే తన అనుమానాలు తనే పేజీ అడుగున రాసుకోవడం అక్క అలవాటు. ఇక్కడా రాసి ఉన్నాయి. తల్లి పోయాక అన్నం పెట్టిందీ, లెక్కలు నేర్పిందీ ఆవిడే. ఆ ల్యాబ్ మీద ఏడుగురు బతుకుతున్నారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నోరు మూసుకుని బయటికి నడిస్తే రూలు పాటించినట్టే, ఎవరూ వేలెత్తి చూపరు. అతనికి అలా నడిచిపోవాలనే ఉంది.

11.39. ఛైర్మన్ ఆమోదం సంతకానికి పెన్ను మూత తీశాడు. ఏజెంటు లేచాడు.

"ఇది రాసింది మా అక్క. నేను వెళ్ళాలి." ఇంజినీరు చీటీ ఆయన ముందు పెట్టాడు. "నా మాటలు కొట్టేయండి. సరిగ్గా 11.40కి ఆ మెషీన్ బటన్ నొక్కి, ఈ చీటీతో పోల్చి చూడండి."

ప్రదర్శనకి తెచ్చిన మెషీన్ బల్ల మీదే ఉంది. ఛైర్మన్‌కి రూలు పుస్తకం వేదం. బటన్ నొక్కకూడదని అందులో ఎక్కడా లేదు. తలుపు మూసుకుంటుండగా ఆయన అంకెలు పైకి చదవడం వినిపించింది. ఒక్కొక్కటీ చీటీలోదే. ఏడో అంకె దగ్గర గొంతు ఆగిపోయింది.

మధ్యాహ్నానికి నెమలి తేల్చుకుంది. ట్రస్టు అడ్రసు తనే ఇచ్చింది, ముఠా దొరికిపోయింది. విచారణ కోసం అక్క ల్యాబ్‌కి సీలు వేశారు. ఏడుగురూ అట్టపెట్టెలతో మెట్లు దిగారు. అక్క తిట్టలేదు.

"మూడేళ్ళు అడిగానురా" అంది. "అప్పుడు మీ వాళ్ళెవరూ రాలేదు."

అతను కిందికొచ్చి కారులో కూర్చుని ఏడ్చాడు.

మర్నాడు ఆపరేషన్ రిపోర్టు సంతకానికొచ్చింది. 'మన వైపు నష్టం' అన్న గడిలో చీఫ్ '0' అని నింపాడు. ఏజెంటు అది కొట్టేసి 'మా అక్క' అని రాశాడు. గంటలో ఫారం తిరిగొచ్చింది. ఆ గడిలో అంకెలు మాత్రమే వేయాలట.